మా రోజుల్లో మంచం చుట్టూ మనుషులుండేవారు

ఈమధ్య ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ముందు ఫోనుకి తెలుస్తోంది. మా తమ్ముడి మనవడు వారానికొకటి చూపిస్తాడు. మొగుడు ఆసుపత్రి మంచం మీద, పెళ్ళాం పక్కన స్టూలు మీద, వాళ్ళ కింద నలుపూ తెలుపూ గళ్ళ చదరం ఒకటి. ఆ చదరానికి ఫోను చూపిస్తే డబ్బు వెళ్ళిపోతుందట. దాని కింద జనం వరసపెట్టి చేతులు జోడించిన బొమ్మలు పెడతారు. నలభై మంది పెట్టారు తాతా, యాభై మంది పెట్టారు తాతా అని వాడు సంబరంగా లెక్క చెప్తాడు. "మరి డబ్బు ఎంతమంది వేశార్రా?" అంటే, "అది మనకి కనబడదు తాతా" అంటాడు. మా రోజుల్లో చేతులు జోడించుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషి చంకలో కనీసం ఒక ఆనపకాయైనా ఉండేది.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేటకి దగ్గర్లో ఒక ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయినవాణ్ణి. మా ఇంటి చీడీయే, అంటే వీధరుగే, పోస్టాఫీసు. తూకం రాయి, ముద్ర, తాళం వేసిన డబ్బా, నేను. జీతం అనరు దాన్ని, అలవెన్సు అంటారు. ఎవరింట్లో ఎవరికి జబ్బో, ఎంత అప్పో కాంపౌండరు కంటే ముందు నాకు తెలిసేది. మనియార్డర్లన్నీ నా చేతి మీదుగా వచ్చేవి మరి. రంగూను డబ్బు మా నాన్న కాలం మాట. మా కాలానికి ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపు, కలకత్తా జూటు మిల్లులు, అండమాను. మనియార్డరు ఫారం అడుగున చిన్న కూపను ముక్క ఉండేది, రెండు మూడు వాక్యాలకి చోటు. ఆ రెండు మూడు వాక్యాల్లో జనం ఎంత రాసేవారో! ఖరగ్‌పూరు నుంచి ఒకాయన మంచాన పడ్డ అన్నగారింటికి డబ్బు పంపుతూ రాసిన ముక్క నాకు ఇప్పటికీ గుర్తు. అన్నయ్య మందులకి వేరే పంపుతున్నాను, ఇది వదిన కూలి మానేసిన రోజులకి. అంతే. ఆవిడకి చదువు రాదు, నేనే చదివి వినిపించాను. ఆవిడ రెండోసారి చదవమంది.

ఇవాళ ఎవరికీ పట్టనిది ఆ కూపను మీది లెక్కే. ఆలుమగలిద్దరూ రెక్కాడిస్తే గానీ డొక్కాడని ఇంట్లో ఒకరు మంచమెక్కితే రెండు కూళ్ళు పోతాయి. పడుకున్న మనిషిదొకటి, పక్కన కూర్చున్న మనిషిదొకటి. మా వాళ్ళకి ఈ లెక్క బళ్ళో ఎవరూ చెప్పలేదు, అయినా వచ్చు. ఇప్పుడు ఇన్ని కంప్యూటర్లు పెట్టుకున్న సర్కారుకి పడుకున్నవాడు కనిపిస్తాడు, కూర్చున్నది కనిపించదు.

అరవైల్లో మా వీధిలో ఒక రైతుకి క్షయ పట్టింది. అప్పటికి మందు వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ సూదులు. నెలల తరబడి పొడవాలి. కాంపౌండరు సైకిలు మీద వచ్చేవాడు. రైతు ఎముకల పోగులా నులకమంచం మీద ఉండేవాడు, భార్య తడిక పక్కనే కూర్చుని ఉమ్మి పళ్ళెంలో బూడిద మార్చేది. ఇద్దరు పిల్లలు. ఉభాల రోజులొచ్చాయి, అంటే నాట్ల రోజులు. వానొచ్చి మడి నిండింది, ఆకు ముదిరిపోతోంది. వీధిలో ఇంటికో మనిషి చొప్పున ఆవిడ మడిలో దిగారు. కూలి లేదు, అంబలి ఒక్కటే. ఆ అంబలి కూడా ఆవిడ కాయలేదు. మా అమ్మ చోడి అంబలి కుండ నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళింది, వెనకాల ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ పట్టుకుని నేను. మధ్యాహ్నానికల్లా ఊడ్చేశారు. సాయంత్రం ఆవిడ మడి గట్టుకొచ్చి చూసుకుని ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మళ్ళీ ఏడు మా ఉభాలకి అందరి కంటే ముందు వచ్చింది ఆవిడే.

పిల్లలు రోజుకో ఇంట్లో తినేవారు. వండే ముందు ప్రతి ఇల్లాలూ గుప్పెడు బియ్యం పక్కన వేసేది, ఆదివారం నాడు ఎవరో ఒకరు ఆ డబ్బాలన్నీ కలిపి ఆ ఇంటికి చేర్చేవారు. రాత్రులు మగవాళ్ళు వంతులేసుకుని ఆ అరుగు మీద పడుకునేవారు, ఆవిడ ఒక్క కునుకు తీయాలని. ఇక షావుకారు వడ్డీ ఆపాడు. మంచితనం అనుకునేరు! నలుగురు పెద్దలు ఆయన చీడీ ఎక్కి కూర్చున్నారు, మజ్జిగ తాగారు, చుట్టలు కాల్చారు, లేవలేదు. పొద్దుగూకేసరికి పంట చేతికొచ్చేదాకా వడ్డీ లేదని ఆయనే అన్నాడు. ఆ రైతు బతికాడు. బతికి, వీధిలో అందరితోనూ గట్టు తగాదాలు పెట్టుకుని, మా నాన్న మీద కోర్టుకి కూడా వెళ్ళాడు. అయినా మళ్ళీ జబ్బు చేసినా మడిలో దిగేవాళ్ళమే. సాయానికీ మంచితనానికీ అప్పట్లో ముడి పెట్టేవారు కాదు. ఇప్పుడు ఫోనులో సాయం అడగాలంటే ముందు వీళ్ళు ఎంత మంచివాళ్ళో ఒక వ్యాసం రాయాల్సొస్తోంది.

తెలియని వాళ్ళ సాయం మాకూ వచ్చేది, రాలేదనను. సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గల్లిసన్ నడిపిన ఆరోగ్యవరం కంటాసుపత్రి కోసం 1963లో కెనడాలోని కాల్గరీలో ఒక వ్యాపారి చందాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది అలాగే, మా సోంపేట కళ్ళ కోసం. ఎక్కడో మంచులో ఉన్నవాళ్ళ డాలర్లతో మా అవ్వలకి చూపొచ్చింది. ఆ ఆసుపత్రికి అవ్వని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి మాత్రం ఊళ్ళో ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషి ఉండేవాడు. అదీ నేను చెప్పేది.

ఇదంతా చెప్తుంటే మనవడు ఫోను పక్కన పెట్టి, "సరే తాతా, ఆయనకి కాక ఆవిడకి క్షయ వస్తే?" అన్నాడు.

ఈ కాలం పిల్లలకి ఎక్కడ నొక్కాలో తెలుసు. ఆవిడకి వస్తే పుట్టింటికి పంపేసేవారు. బండి కట్టి, పరుపు వేసి, గౌరవంగానే పంపేవారు. తిరిగి తెచ్చుకునేవారు ఎంతమంది అన్నది వేరే సంగతి. రెండో పెళ్ళి మాటలు బండి ఊరి పొలిమేర దాటకముందే మొదలయ్యేవి. కుష్ఠు వస్తే సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళ పేరు మళ్ళీ ఇంట్లో ఎత్తేవారు కాదు. మా గుప్పెడు బియ్యం డబ్బా కూడా మా వీధి మలుపు దగ్గరే ఆగేది. మాలపేటకి వెళ్ళలేదు, సముద్రం ఒడ్డు పల్లెకి వెళ్ళలేదు. అక్కడ వాళ్ళకి వాళ్ళే. వాళ్ళకొచ్చే మనియార్డర్లు నేను ఇచ్చాను గనక తెలుసు, ఇరవై రూపాయలకి మూడిళ్ళు ఎదురుచూసేవి. ఇప్పుడు అదే మాలపేట కుర్రాడు పెళ్ళాన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తన నడుముకి చున్నీతో కట్టుకుని డయాలసిస్‌కి తీసుకెళ్తున్నాడు. మా రోజుల్లో మగాడు అలా చేస్తే వీధి వీధంతా నవ్వేది. ఈ ఒక్క సంగతిలో కొత్తకాలానికి మార్కులు వేస్తాను. ఇంకో సంగతిలో వెయ్యమనకండి.

డయాలసిస్ అన్నాను గదా, ఇక దాచేదేముంది. మా ఉద్దానం పేరు ఇప్పుడు కొబ్బరికీ జీడికీ పనసకీ ఎవరూ తలచుకోరు. కిడ్నీలకి తలుస్తారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఇంతే. షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా మూత్రపిండాలు మెల్లగా ఎండిపోతున్నాయి. విశాఖపట్నంలో డాక్టర్ రవిరాజు గారు ఏళ్ళ తరబడి దీని వెంట పడ్డారు. 2019లో అచ్చయిన ఒక సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది, అందులో ఎక్కువమందికి కారణం ఇదీ అని చెప్పలేని రకం. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగు మందులన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. శ్రీలంకలో అనూరాధపురం వైపు వరి రైతులకీ ఇదే తంతు, నికరాగువా, ఎల్ సాల్వడోర్ చెరుకు తోటల్లో కుర్రాళ్ళకీ ఇదే తంతు. ఎక్కడ చూసినా ఎండలో ఒళ్ళు వంచేవాడికే. మా రోజుల్లో కాళ్ళూ మొహం ఉబ్బితే "నీరు పట్టింది" అని పసరు పోసి ఊరుకునేవారు, ఆ మనిషి రెండు మూడు నెలల్లో పోయేవాడు. అందులో ఎన్ని ఈ జబ్బో ఎవరు చూడొచ్చారు.

ఇప్పుడు ఊళ్ళో చదువురానివాడికి కూడా "క్రియాటిన్" అన్న మాట వచ్చు, కిడ్నీ ఎంత చెడిందో చెప్పే రక్తపరీక్ష అంకె. బస్సు దగ్గర ఇద్దరు కలిస్తే "ఏటి మావా, బావున్నావా" అనరు, "ఎంతుంది?" అంటారు. మూడుంది, నాలుగున్నర ఉంది, అయిదు దాటేసింది. పరీక్షలో తప్పిన పిల్లాడి మొహంలా ఉంటుంది అయిదు దాటినవాడి మొహం. ఈ ఊళ్ళకి పిల్లనివ్వడానికి ఒడిశా వైపు చుట్టాలు కూడా వెనకాడుతున్నారు. సంబంధం మాట్లాడడానికి వచ్చి, మంచినీళ్ళిస్తే గ్లాసు కింద పెట్టేసి సంచీలోంచి సీసా తీసుకుని తాగినవాళ్ళని నేను చూశాను.

చేసినవి చేసినట్టు చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. 2017 జనవరిలో పవన్ కళ్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి మాట్లాడాక పేపర్లకీ టీవీలకీ మేము కనబడ్డాం. సోంపేటలో, పలాసలో డయాలసిస్ మిషన్లు పెట్టారు. అంతకుముందు శ్రీకాకుళమో, విశాఖ కేజీహెచ్చో. వారానికి రెండు మూడుసార్లు రైలెక్కలేక మానేసి చనిపోయినవాళ్ళు ఎందరో. డయాలసిస్ వాళ్ళకి నెల పింఛను మొదట 2,500 రూపాయలు, జగన్ వచ్చాక 10,000. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అదే రోజు హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో మా ఏడు మండలాలకి తెచ్చే పథకం, 700 కోట్లది, మొదలుపెట్టారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారతాయి, మంచం మీది మనిషి మారడు. మా రోజుల్లో ఇందులో ఒక్కటైనా ఉందా? లేదు. ఉంటే మా చిన్నాన్న నలభై ఏళ్ళకి పోయేవాడు కాదు. అందుకే మిషన్ని నేను తిట్టను.

తిట్టేది వసారాని.

డయాలసిస్ గది బయట వసారా ఉంటుంది, ఎక్కడైనా ఉంటుంది, ఫలానా చోటని కాదు. లోపల చల్లగా మిషన్లు, మంచాలు. మనిషిని ముందు కాటా మీద నిలబెడతారు, ఎన్ని కిలోల నీరు పెరిగిందో చూస్తారు, చేతి మీద ఫిస్టులాలో రెండు లావాటి సూదులు గుచ్చుతారు, నాలుగు గంటలు. బయట గచ్చు మీద ఆడవాళ్ళు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో సంచీ. అందులో టిఫిను కారియరు, దుప్పటి, పాత చీటీలు, ఆధారు కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు, వాటి మీద ప్లాస్టిక్ కవరు. మా ఊరామె ఒకావిడ ఉంది. పలాసలో జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే పని. ఆ పని చేసేవాళ్ళ చేతులు చూశారా? పిక్కలోంచి కారే నూనెకి వేళ్ళు నల్లబడి తోలు ఊడుతుంది. ఎన్ని సబ్బులు రాసినా పోదు. ఆవిడ చేతులు ఇప్పుడు తెల్లబడ్డాయి. నేను చూసి, "చేతులు బాగుపడ్డాయే అమ్మా" అన్నాను. "బాగుపడవా మాస్టారూ, పనికెల్లి ఎన్నాళ్ళయింది? వారానికి మూడు రోజులు మానేస్తే ఏ సేటు పనిలో ఎట్టుకుంటాడు? ఆయనకి మిసనూ మంచం. నాకు ఈ గచ్చు" అంది.

పోనీ ఉపాధి పనికి వెళ్ళమంటారా? అక్కడ ఫోటో. 2023 జనవరి నుంచి పొద్దున్న ఒకటి, మళ్ళీ ఒకటి, రోజుకి రెండుసార్లు ఫోనులో ఫోటో పడితేనే మస్టరు. మేటు ఎంత దయగలవాడైనా సోంపేటలో మొగుడి పక్కన ఉన్న ఆడదాన్ని చెరువు గట్టు మీద ఫోటోలోకి తేలేడు. మా రోజుల్లో మస్టరు రోలు చేతిరాతతో ఉండేది, అందులో దొంగ పేర్లు రాసి తినేసిన మేస్త్రీలు బోలెడు. దొంగల్ని పట్టుకోవడానికి ఫోటో పెట్టారు. పట్టుబడింది మాత్రం ఈవిడ.

పది వేల పింఛను వస్తోంది కదా అంటారు ఊరి పెద్దలు కొందరు, ఏదో లాటరీ తగిలినట్టు. మా కోడలు ఒకసారి ఆవిడ దగ్గర కూర్చుని కాగితం మీద రాసింది. రానూపోనూ ఆటో. అక్కడ ఇద్దరికీ తిండి. కార్డులోకి రాని మందులు, పరీక్షలు. పొదుపు సంఘం వాయిదా. పిల్లాడి హాస్టలు ఖర్చు. తిత్లీ తుపానుకి, అదే 2018 అక్టోబరు 11న, పడిపోయిన కొబ్బరి చెట్ల చోట మళ్ళీ నాటడానికి చేసిన అప్పు మీద వడ్డీ, నూటికి మూడు రూపాయలు. కొత్త మొక్క కాపుకి రావడానికి అయిదారేళ్ళు పడుతుంది, వడ్డీకి అయిదారేళ్ళు ఓపిక ఉండదు. కాగితం చివరికొచ్చేసరికి పది వేలు ఎప్పుడో అయిపోయాయి, ఆవిడ రెండు పూటల బియ్యం ఇంకా రాయనేలేదు.

ఇంకో విడ్డూరం వినండి. పింఛనుదారు చనిపోతే మరుసటి నెల నుంచే పెళ్ళానికి పింఛను ఇచ్చే ఏర్పాటు 2024 నవంబరు నుంచి పెట్టారు. స్పౌజు పింఛను అంటారు. మంచి పనే, కాదనను. వెనకటికి ఆ కాగితాల కోసం విధవలు చెప్పులరిగేలా తిరగడం నేను కళ్ళారా చూసినవాణ్ణి. కానీ ఆలోచించండి, మొగుడు బతికుండగా వసారాలో కూర్చున్నన్నాళ్ళూ ఆవిడ సర్కారుకి ఎవరూ కాదు. ఆయన పోయిన మర్నాడు కనబడుతుంది.

ఇక ఇంట్లో సంగతి. డయాలసిస్ మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. మూత్రం తగ్గిపోయినవాడికి రోజుకి అర లీటరు, కాస్త అటూ ఇటూ. ఆవిడ సీసాకి గోళ్ళ రంగుతో గీత గీసింది. గీత దాకా పొద్దున్న నింపుతుంది, సాయంత్రానికి అదే. మా ఉద్దానం మే నెల ఎండలో, తోటలో పుట్టి పెరిగినవాడు, చెట్టెక్కి బొండాం కొట్టుకుని తాగినవాడు, గుక్కెడు నీళ్ళ కోసం పెళ్ళాన్ని బండబూతులు తిడతాడు. ఆవిడ కడవ మీద మూత పెట్టి, మూత మీద రోలు పెట్టింది. వీధిలో ఆవిడకి "మొగుడికి నీళ్ళియ్యని ఆడది" అని పేరొచ్చింది. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప మానాలి, కూర ఉడకబెట్టిన నీళ్ళు పారబోసి మళ్ళీ వండాలి. ఆయనకొక కూర, మిగిలినవాళ్ళకొక కూర. చప్పిడి కూర పెట్టిందని ఆయన కంచం విసిరేస్తే ఆవిడ అదే మౌనంగా ఏరి తింటుంది.

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి చెప్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పరామర్శకి వచ్చే చుట్టం పాత అలవాటుగా బత్తాయిలు, అరటిపళ్ళు, రెండు కొబ్బరి బొండాలు తెస్తాడు. కిడ్నీ చెడ్డ మనిషికి ఆ మూడూ విషమే. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుంది. చుట్టం ముందు ఆవిడ తీసుకోకపోతే మర్యాద కాదు, తీసుకుంటే మొగుడి కంట పడుతుంది. మా రోజుల్లో పరామర్శకి వచ్చినవాళ్ళు పది రోజులుండిపోయేవారు, అది మరో బాధ, ఒప్పుకుంటాను. ఇంట్లో జబ్బు మనిషి ఒకరైతే వండి పెట్టాల్సిన వాళ్ళు ఏడుగురు. కానీ ఆ ఏడుగురిలో ఒక పెద్దమ్మ కట్టెలు కొట్టేది, ఒక మావయ్య గేదెని మేపేవాడు. ఇప్పటివాళ్ళు అరగంట ఉంటారు, అందులో పావుగంట ఛార్జరు ఎక్కడుందని వెతుకుతారు.

కొడుకులేరీ అని అడగకండి. ఒకడు హైదరాబాదులో అపార్టుమెంటు పనుల్లో, ఒకడు చెన్నైలో. సముద్రం పల్లెల వాళ్ళయితే ఇంకా దూరం, గుజరాతులో వేరావలు రేవు దాకా వెళ్తారు వేటకి. వాళ్ళనీ ఏమీ అనలేను, వాళ్ళ కూలితోనే వడ్డీ కడుతున్నారు. రాత్రి ఎనిమిదింటికి వీడియోలో కనబడి "నాన్నా తిన్నావా" అంటారు. మా రోజుల్లో "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని తంతి కొడితే ఖరగ్‌పూరు నుంచి మనిషి బయలుదేరి వచ్చేవాడు. అందులో సగం అబద్ధం తంతులే, పెళ్ళిచూపులకి రప్పించడానికి. 2013లో ఆ తంతీ తీసేశారు. వీడియోలో అబద్ధం చెప్పడం కుదరదు గనక ఎవడూ బయలుదేరి రావడం లేదని నా అనుమానం.

అయితే మొన్నటి నుంచి ఒకటి చూస్తున్నాను, చెప్పకపోతే అన్యాయం. మా ఊరి కుర్రాళ్ళు ఆటో ఒకటి మాట్లాడారు. సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరుతుంది, ఊళ్ళో డయాలసిస్ వాళ్ళందరినీ ఎక్కించుకుంటుంది. డీజిలుకి వాళ్ళే చందా వేసుకుంటారు. దానికీ ఫోనులో ఒక గ్రూపు పెట్టారు. ఎవరు ముందు సీటు, ఎవరికి వాంతులవుతాయి, ఎవరికి పక్క మనిషి కావాలి, అన్నీ అందులోనే. నేను ముక్కు చిట్లించాను గానీ బండి మాత్రం ఒక్క రోజు ఆలస్యం కాలేదు. పొదుపు సంఘం ఆడవాళ్ళు ఇంకా గట్టివాళ్ళు. ఆవిడ వాయిదా కట్టలేకపోతే సంఘం మొత్తానికి బ్యాంకులో పేరు పోతుంది. అందుకని తిట్టుకుంటూనే తలా కొంత వేసి కట్టారు. తిట్టుకుంటూ అన్న మాట కావాలనే రాశాను. మా వీధివాళ్ళు కూడా ఆ రోజు మడిలో తిట్టుకుంటూనే ఊడ్చారు.

ఆ కుర్రాళ్ళతో నేను అన్నదొకటే. ఒరే, ఆటో ఆయన కోసం పెట్టారు, బాగుంది. ఆవిడ కోసం ఏం పెట్టారు? ఆ నాలుగు గంటలు ఆవిడ బదులు ఎవరైనా ఒకడు వసారాలో కూర్చుంటే ఆవిడ బట్టీకో పొలానికో వెళ్తుంది కదా. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "ఆమె ఒప్పుకోదు తాతా" అన్నాడొకడు. అడిగావురా? అడగలేదు. వెళ్ళి అడిగారు. మొదట ఒప్పుకోలేదు, నిజమే. ఆయన తినడు నేను లేకపోతే, అంది. తర్వాత బుధవారం ఒక్క రోజుకి ఒప్పుకుంది. ఆ బుధవారం వసారాలో కూర్చున్న కుర్రాడు ఫోనులో క్రికెట్టు చూసుకుంటూ ఆయనకి ఇడ్లీ తినిపించడం మర్చిపోయాడట. అయినా బుధవారాలు నడుస్తున్నాయి. పలాసలో పాత సేటు కాక ఇంకొకాయన వారానికి నాలుగు రోజుల పని ఇచ్చాడు, ఆవిడ వేళ్ళు మళ్ళీ నల్లబడుతున్నాయి.

మిగిలిన రెండు రోజుల మాట సర్కారుది. డయాలసిస్‌కి తోడొచ్చిన మనిషికి ఆ రోజు ఉపాధి మస్టరు వెయ్యండి. ఆసుపత్రి రిజిస్టరులో ఆయన పేరు ఎలాగూ ఎక్కుతుంది, పక్కన ఆవిడ వేలిముద్ర ఒకటి తీసుకుంటే అయిపోతుంది. ఫోటోయే కావాలంటే వసారాలోనే తియ్యండి, వెలుతురు బాగానే ఉంటుంది. గచ్చు మీద నాలుగు బల్లలు, ఒక ఫ్యాను. ఇదే ఒక అర్జీగా రాసి, పదకొండు మంది ఆడవాళ్ళ చేత సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి ఒక ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే కుర్చీ వేసి, టీ తెప్పించి, "దీనికి కాలమ్ లేదు మాస్టారూ" అన్నాడు. ఆన్‌లైన్లో ఎక్కించి నంబరు ఇచ్చాడు. పది రోజులకి మనవడి ఫోనుకి కబురొచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో ఆ పదకొండు మందికీ తెలియదు, నాకూ తెలియదు.

మళ్ళీ రాశాను. ఈసారి కాగితం మీదే, కార్బను పెట్టి. రిజిస్టరు పోస్టులో పంపుదామంటే దాన్ని 2025లో స్పీడు పోస్టులో కలిపేశారట. బతికినన్నాళ్ళూ ఆ నీలం పెన్సిలుతో అడ్డంగా నిలువుగా గీతలు కొట్టిన చెయ్యి నాది. సరేనని స్పీడు పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకం కావాలని అడిగి మరీ కట్టాను డబ్బు.